బదిలీల జాబితా

మా ఆఫీసులో మంచినీళ్ళు పరీక్ష చేస్తారు. పై అంతస్తులో సీసాల్లోని నీళ్ళను పరీక్షిస్తే, కింద హాల్లో ఇరవై రెండు కంప్యూటర్ల మీద రిపోర్టులు తయారవుతాయి. ఆ కంప్యూటర్లకు వైరస్ సోకకుండా, హ్యాకర్లు చొరబడకుండా చూడడం నా ఉద్యోగం. "నీళ్ళలో పురుగులు వాళ్ళవి, కంప్యూటర్లలో పురుగులు నావి" అని కొత్తవాళ్ళకు నన్ను నేనే పరిచయం చేసుకునేవాణ్ణి. ఒక్కరూ నవ్వేవారు కాదు. అయినా ఆ మాట మానలేదు.

ఆఫీసంతా నన్ను 'కాపలా సార్' అనేవారు. అది గౌరవమని ఆరేళ్ళపాటు నమ్మాను.

నెలకోసారి అందరినీ కూర్చోబెట్టి క్లాసు పీకేవాణ్ణి. తెలియని మెయిల్ తెరవొద్దు, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దు, దారిలో దొరికిన పెన్‌డ్రైవ్‌ను చచ్చినా కంప్యూటర్‌కు పెట్టొద్దు. మా టైపిస్టు అక్క ఓసారి పాస్‌వర్డ్‌ను కీబోర్డు వెనక రాసుకుందని అందరి ముందూ లేపి నిలబెట్టాను. రిటైర్మెంటుకు రెండేళ్ళున్న మనిషి. "తప్పయిపోయింది తమ్ముడూ" అని తల దించుకుని కూర్చుంది. నేను మాత్రం ఆ రోజు రెండంగుళాలు పొడుగై ఇంటికి వెళ్ళాను.

ఒక బుధవారం పొద్దున అక్క నా గదికి వచ్చింది. చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు చేతిరుమాల్లో ఏదో చుట్టి తెచ్చింది.

"బళ్ళు పెట్టే చోట దొరికింది తమ్ముడూ. ఇలాంటివి పెట్టకూడదని నువ్వే చెప్పావుగా. అందుకే తిన్నగా నీ దగ్గరికి తెచ్చా."

"మంచి పని చేశారక్కా."

"ఇంతకీ అందులో ఏముందంటావ్?"

"చూశారా, ఆ కుతూహలమే కొంప ముంచేది!" అని వేలు చూపించి మరీ పంపేశాను.

ఆమె అటు వెళ్ళగానే రుమాలు విప్పాను. నల్లటి పెన్‌డ్రైవ్. దాని మీద అంటించిన కాగితం ముక్కపై 'బదిలీల జాబితా' అని రాసి ఉంది.

బదిలీలు ఉంటాయని నెల రోజులుగా గుసగుసలు వినబడుతున్నాయి. మా పాప బడి ఆఫీసు వెనకే. ఇల్లు మారి ఇంకా మూడు నెలలు కాలేదు.

ఇలాంటివి పరీక్షించడానికే, మిగతావాటితో కలపని పాత కంప్యూటర్ ఒకటి బీరువాలో ఉంది. దాన్ని దించి, దుమ్ము దులిపి, ఆన్ చేసేసరికి పావుగంట పడుతుంది. అంతసేపు ఆగడం నావల్ల కాలేదు. తలుపు గడియ పెట్టి నా కంప్యూటర్‌కే గుచ్చాను. యాంటీవైరస్ ఎర్రగా హెచ్చరించింది. దాన్ని పెట్టించింది నేనే. 'నాకే చెబుతుందా' అనుకుని మూసేశాను.

జాబితా తెరిచాను. ఖాళీ.

పది నిమిషాలకు హాల్లోంచి కేక వినబడింది. "నా రిపోర్టులు తెరుచుకోవట్లేదు!" తర్వాత ఇంకో కేక, ఇంకొకటి. పరిగెత్తి వెళ్ళి చూస్తే ఫైళ్ళ పేర్లన్నీ నోరు తిరగని అక్షరాలైపోతున్నాయి.

"తీగలు పీకండి! అందరూ నెట్‌వర్కు తీగలు పీకేయండి!" అని అరుస్తూ బల్లల కింద దూరాను. అన్నీ పీకేసరికి తొమ్మిది కంప్యూటర్లు పోయాయి.

పెద్ద మేడమ్ మెట్లు దిగి వచ్చింది. "ఎలా వచ్చింది ఇది?"

"మేడమ్, టైపిస్టు గారికి బయట ఒక పెన్‌డ్రైవ్ దొరికింది..." అన్నాను. అక్షరం అబద్ధం లేదు. అక్కడితో ఆపేశాను.

అందరూ అక్క వైపు తిరిగారు. ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు. నన్ను తిట్టలేదు, కనీసం కాదనలేదు. నా వైపే చూస్తూ ఉండిపోయింది. పీకిన తీగ ఇంకా నా చేతిలోనే వేలాడుతోంది.

"ఆమె దాన్ని ముట్టుకోలేదు మేడమ్, తెచ్చి నాకిచ్చింది. పెట్టింది నేను."

"మీరా? ఎందుకు?"

"బదిలీల జాబితా అని రాసుంటే... ఒకసారి చూద్దామని."

అప్పుడు వెనక వరసలోంచి ఎవరో అడిగారు: "అందులో నా పేరుందా సార్?"

మేడమ్ తప్ప అందరూ నవ్వారు. ఆరేళ్ళలో నా వల్ల ఆ హాలు నవ్వడం అదే మొదటిసారి.

అంతకుముందు శుక్రవారం దాకా ఫైళ్ళకు నకళ్ళు ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. ఆ తర్వాతి రిపోర్టులు మాత్రం పై అంతస్తువాళ్ళ చేతిరాత పుస్తకాల్లోంచి మళ్ళీ ఎక్కించాలి. అక్క చదివింది, నేను కొట్టాను.

"రెండు వేళ్ళతోనేనా తమ్ముడూ?" అంది కాసేపు చూసి. "లే, ఇలా రా. నువ్వు చదువు, నేను కొడతా."

కుర్చీలు మారాం. కొంతసేపటికి, "అక్కా, పొద్దున మీ పేరు చెప్పి ఆగిపోయాను. భయమేసింది" అన్నాను.

"ఆ ఒక్క క్షణం నా ఉద్యోగం పోయిందనుకున్నా" అంది, కీబోర్డు మీంచి కళ్ళెత్తకుండా. "తర్వాతి సీసా నంబరు చెప్పు."

చెప్పాను. నాలుగు రోజులు అలాగే చెబుతూ కూర్చున్నాను.

వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. 'బాధ్యతారాహిత్యం', 'అవివేకం' అన్న మాటలు రెండేసి సార్లు పడ్డాయి. ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడకు చూపించాను. ఓదారుస్తుందని ఆశ. ఆమె అటూ ఇటూ తిప్పి రెండుసార్లు చదివింది.

"ఎంత పొందిగ్గా కొట్టారండీ! ఒక్క అచ్చుతప్పు లేదు."

కొట్టింది అక్కే. సంతకానికి పంపేముందు నన్ను పిలిచి, పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకోమంది కూడా.