ద్వాళి ఇంటి రాష్ట్రపతి పటం

తండాలో ద్వాళి ఇంటి తలుపుకు తాళం ఉంది. అయినా భాస్కర్ రెండుసార్లు తట్టాడు.

"ద్వాళవ్వ లేదు సారూ." పక్కింటి నీలి మక్క గింజలు ఎండబోస్తూ అంది. "రైలు పట్టాల మీద కూసున్నడని పొద్దుగాల్నే హరిలాల్‌ను పోలీసోళ్లు పట్టుకపోయిండ్రు. కొడుకును ఇడిపించుకొస్తనని మానుకోట ఠాణాకు పోయిందామె."

"ఇంట్ల రాష్ట్రపతి పటం..."

"గదే సంకల పెట్టుకొని పోయింది."

భాస్కర్ బండి తిప్పాడు. అతను జనగామలో సర్కారు బడి డ్రాయింగ్ మాస్టారు. పద్నాలుగేళ్లుగా రాష్ట్రపతులు సంతకం చేసిన ఫోటోలు సేకరిస్తున్నాడు. ఆల్బంలో ఒక్క రాష్ట్రపతి చోటే ఖాళీ. పోయినేడు భూపాలపల్లిలో ఆ ఒక్కటీ దొరికినట్టే దొరికి, ఒక పూట ఆలస్యంతో హైదరాబాద్ వ్యాపారి చేతికి పోయింది. ద్వాళి చిన్నప్పుడు ఢిల్లీలో జనవరి ఇరవై ఆరున తండా బృందంతో ఆడిందట. అప్పుడు ఆ రాష్ట్రపతే సంతకం చేసి ఇచ్చిన పటమట. ఆ వ్యాపారికీ కబురు అందిందని నిన్ననే తెలిసింది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. బస్సుల్లేవు, రైళ్లు లేవు, బడి లేదు. బయ్యారం రోడ్డు మీద రెండు చోట్ల సమ్మెవాళ్లు దారికి అడ్డంగా పొయ్యిలు పెట్టి వండుతున్నారు. ఒకచోట తినందే వదల్లేదు. బండి దిగకుండానే నాలుగు ముద్దలు మింగి కదిలాడు.

మానుకోట, అంటే మహబూబాబాద్ ఠాణా చేరేసరికి మూడుంబావు.

"పొద్దటి సంది గీ అవ్వ రాష్ట్రపతిని సూపెట్టి మమ్మల్ని బెదిరిస్తాంది," అన్నాడు కానిస్టేబుల్.

"నాకు మెమో ఇచ్చేది రాష్ట్రపతి కాదమ్మా, ఎస్పీగారు," అన్నాడు ఎస్సై. "జీతమొచ్చే మనిషి ఎవరన్నా పూచీగా సంతకం పెట్టి జమానత్ ఉంటే మీవాణ్ణి వదులుతా. లేదా నాలుగింటికి వ్యాన్ వస్తుంది. వరంగల్ జైలుకు పంపిస్తా."

బెంచీ మీది ముసలామె పక్కన భాస్కర్ కూర్చున్నాడు. తనెవరో, ఎందుకొచ్చాడో చెప్పాడు.

"జీతముందా నీకు?" అంది ద్వాళి.

"ఉంది."

"అయితే పటం తీస్కో. నా కొడుకుకు జమానత్ ఉండు."

భాస్కర్ పటాన్ని ఎండకు వంచి, భూతద్దం పెట్టాడు. సంతకం గీత చుక్కలు చుక్కలుగా విడిపోయింది. సిరా కాదు. ఫోటోతో పాటే అచ్చయింది. ఇలాంటివి కట్టలకు కట్టలు పంచి ఉంటారు.

"ఆలోచించుకోండి మాస్టారూ," అన్నాడు ఎస్సై, కాగితం ముందుకు తోస్తూ. "మీరే సమ్మెలో ఉన్నారు. రైల్‌రోకో కేసులో మీ పేరు కనబడితే పైవాళ్లు ఊరుకోరు. పిలిచినప్పుడు వీడు రాకపోతే మిమ్మల్నే పిలుస్తా."

భాస్కర్ బయటికి చూశాడు. గేటు పక్కనే బండి. ఇది అచ్చు అవ్వా అని ఒక్క మాట చెప్పి లేచిపోవచ్చు. ఇంట్లో భార్య రూపకు ఏం చెప్పాలి? ఉద్యోగం రావడానికి ఆరేళ్లు పట్టింది.

"ఏంది సారూ, మంచిగ లేదా?" ద్వాళి అతని మొహంలోకి చూస్తోంది.

బయట వ్యాన్ వచ్చి ఆగింది. ఇద్దరు కానిస్టేబుళ్లు తాళంచెవులతో లోపలికి నడిచారు.

భాస్కర్ పెన్ను తీశాడు. ఇంటిపేరు, బడి పేరు, కింద సంతకం. రెండోచోట గీత పక్కకు పోయింది.

"సరిపోతుంది," అన్నాడు ఎస్సై.

హరిలాల్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. ద్వాళి కొడుకును తడిమి చూసి, బెంచీ మీది పటం తెచ్చి భాస్కర్ చేతిలో పెట్టింది.

"నీ దగ్గర్నే ఉండనీ అవ్వా."

"ఉత్తగ ఎవలతోని పని చేయించుకోలే నేను. ఎందుకొద్దంటున్నవ్? దొంగదా?"

"కాదు. మంచిదే."

"గీ ఒక్కదాని కోసం జనగామ నుంచి వచ్చినవా సారూ?" అన్నాడు హరిలాల్.

"గిందుకే వచ్చిన."

ద్వాళి గేటు దగ్గరే నిలబడి చూస్తోంది. భాస్కర్ పటాన్ని తువ్వాలలో చుట్టి ట్యాంకు మీద నిలబెట్టాడు. మోకాళ్ల మధ్య అదిమి పట్టుకుని, మలుపు దాటేదాకా మెల్లగా నడిపాడు.