అర్జునరావు కట్టిన పడవ

కరీం బాషా పడవను వెనక నుంచి కొట్టుకుంటూ వస్తున్నాడు. చింతకర్ర సుత్తితో పలక మీద ఓ దెబ్బ, చెవి ఆనించి వినడం, జానెడు జరగడం. నలభై ఏళ్లుగా ఫిషింగ్ హార్బరులో ఆయన పని ఇదే. మోకాళ్లు అరిగాయి, ఎడమచేతి చూపుడువేలికి గోరు లేదు, గడ్డంలో ఎప్పుడూ రంపప్పొట్టు. చెవులు మాత్రం పాము చెవులు.

పడవ కామరాజుది. ముప్పై ఏళ్ల టేకు పడవ. దీన్ని బాగు చేయించాలా, రేవులో సిద్ధంగా ఉన్న ఫైబర్ బోటు కొనాలా అన్నది వాడికి తేలడం లేదు. అందుకే పొద్దున్నే బాషాని పట్టుకొచ్చాడు. కట్టినవాడు తన పడవకు తానే తీర్పు చెప్పకూడదన్నది ఆ రేవు ఆనవాయితీ. కన్నతల్లి పిల్లకు వంక పెడుతుందా మరి?

దీన్ని కట్టినవాడు అర్జునరావు. ఆ పేరంటేనే బాషాకి ఒళ్లుమంట. ఇద్దరూ ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చారు. బాషా వేసిన అతుకు చూసి మేస్త్రి "బాగుంది" అనేవాడు. అర్జునరావు వేసిన అతుకునైతే ఏమీ అనకుండా వేలితో తడిమేవాడు. ఆ తడమడం కోసం బాషా ఎంత తపించిపోయాడో అల్లాకే తెలియాలి. పెళ్లయింది, పిల్లలయ్యారు, మనవరాలు సుమయ్యా కాలేజీకెళుతోంది, కుళ్లు మాత్రం చావలేదు. అర్జునరావు చూపు పోయి పెందుర్తిలో కూతురింట్లో కూర్చున్నాడని తెలిసిన రోజు కాస్త హాయిగా కూడా అనిపించింది. తర్వాత సిగ్గుపడ్డాడనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడీ పడవ ఖంగుమంటోంది. ఉలి గుచ్చితే మొన దిగడం లేదు. రెండు పలకలు మార్చి, సందుల్లో కొత్త పత్తీ గుగ్గిలమూ కూరితే ఇంకో ఇరవై ఏళ్లు నడుస్తుంది. 'ఒరే, ఏం చెయ్యిరా నీది!' అనుకున్నాడు బాషా. అనుకోగానే అతుకు తడిమే మేస్త్రి వేలు గుర్తొచ్చింది.

"ఏటంటావ్ బాబాయ్?" అన్నాడు కామరాజు. "మా ఇంటిది ఫైబర్ అంటాది. నానేమో దీన్నొదల్లేను."

బాషా సుత్తి సంచిలో పెట్టుకున్నాడు.

"లోపల పుచ్చిపోనాదిరా. ఎంత పెట్టినా సముద్రంలో పోసినట్టే. రెడీది కొనీసుకో."

కామరాజు పడవ ముక్కుకి పసుపు రాసి దణ్ణం పెట్టి, కట్టెల అడితివాళ్లకి ఫోన్ చేశాడు.

మధ్యాహ్నం నలుగురు గొడ్డళ్లతో వచ్చారు. నమాజుకెళ్లిన బాషా ఇంటికి పోకుండా మళ్లీ అక్కడికే వచ్చి నిలబడ్డాడు. మొదటి గొడ్డలి లేచినప్పుడు ఒక్క మాటంటే ఆగిపోయేది. అనలేదు. పలకలు ఒక్కొక్కటే ఊడాయి. ఎక్కడా ఒక్క పురుగు చిల్లు లేదు. కామరాజు ఓ ముక్క తీసుకుని అటూ ఇటూ తిప్పి, వాసన చూశాడు.

"పుచ్చిందన్నావ్ గదా బాబాయ్."

బాషా కిందపడ్డ పలక ముక్క ఒకటి తీసి వేలితో తడిమాడు.

"ముందు అర్జునరావు మావనే అడిగినాను. 'నా సేతిది, నాను సెప్పకూడదురా, బాషాని తీసుకెళ్లు. కర్ర మాట ఇనగలిగినోడు ఆడొక్కడే, నాకంటే పనోడు' అన్నాడు." కామరాజు చేతిలోని ముక్కని ఇసకలో పడేశాడు. "మావకి ఇప్పుడేటి సెప్పాల నాను?"

బాషా సంచి భుజానికి తగిలించుకుని బస్టాపు వైపు నడిచాడు. ఆ తర్వాత ఆయన హార్బరుకి రాలేదు.

ఆ రోజు సాయంత్రానికి కట్టెలన్నీ లారీకెక్కాయి. పడవ అడుగున వెన్నులా వేసిన దూలం ఒక్కటే గొడ్డలికి లొంగలేదు. రేపు రంపం తెస్తామని వాళ్లు వదిలేసిపోతే, ఎక్కడా వంకర లేకుండా ఇసకలో తిన్నగా పడివుంది.