చంటోడికి తోడు

మా నాన్నకు అల్లుడు కావాలనుకున్నవాడు ముందుగా ఒక చేపను తెచ్చి చూపించాలి. ఆ చేప మా హాల్లో ఉన్న అక్వేరియంలో చంటోడి పక్కన వారం రోజులు ప్రాణాలతో ఉండాలి. ఉంటే పెళ్లి మాటలు, లేదంటే లేవు. ఈ షరతు విన్నప్పుడు పగలబడి నవ్వాను. నాలుగో పెళ్లికొడుకు వట్టి కవరు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయాక నవ్వు రావడం మానేసింది.

చంటోడంటే ఆస్కార్ చేప, సిక్లిడ్లనే పోట్లాటమారి జాతి. తెచ్చినప్పుడు బొటనవేలంత ఉండేవాడు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు అన్నం పళ్లెమంత అయ్యాడు గానీ పేరు మారలేదు. నల్లటి ఒంటి మీద ఎర్రటి మచ్చలు, ముందుకు పొడుచుకొచ్చిన కింది పెదవి, ఎప్పుడు చూసినా అలిగిన మొహం. అమ్మ చనిపోయిన ఏడాది నాన్న వాణ్ణి తెచ్చుకున్నాడు. అప్పటినుంచి తొట్టి ముందు పేము కుర్చీ వేసుకుని పొద్దున్నే పేపరంతా వాడికి చదివి వినిపిస్తాడు.

నాన్న బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. డ్రైవింగ్ టెస్టులో ఊరు ఊరంతటినీ ఫెయిల్ చేసిన ఘనత ఆయనది. ఉద్యోగం అయిపోయినా ఆ తిక్క పోలేదు. కొత్త చేపను నీళ్లలో వదలగానే కుర్చీ ముందుకు లాక్కుని పరీక్ష మొదలుపెట్టేవాడు. ఎడమ పక్కనే పోతోందా, మలుపు దగ్గర నెమ్మదిస్తోందా, పెద్ద బండికి దారిస్తోందా అని చూసేవాడు.

బ్యాంకు గుమస్తా తెచ్చిన గోల్డ్‌ఫిష్ రాంగ్ రూటులో వచ్చిందట. నాన్న ఆ మాట అంటుండగానే చంటోడు దాన్ని గుటుక్కున మింగేశాడు. పాపం, గుమస్తా చేతిలో కాఫీ ఇంకా వేడిగానే ఉంది. లెక్చరరు తెచ్చిన పొడుగాటి చేప ఓవర్ స్పీడు కింద ఫెయిలైంది, తెల్లారేసరికి సగమే మిగిలింది. మందుల కంపెనీ అతను తెలివికి పోయి ఇంకో ఆస్కార్‌నే తెచ్చాడు. రెండూ మూతులు పట్టుకుని గుంజుకుంటుంటే చూడలేక, తన చేపను తాను ఎత్తుకుని పారిపోయాడు. నాలుగో అతని చేప నీళ్లలో పడీ పడకముందే చంటోడి నోట్లోకి పోయింది, ఏ జాతిదో మాకు చూసే అవకాశమే రాలేదు.

చేపలు పోతే పోయాయి, వచ్చినవాళ్లలో నాకు నచ్చినవాడూ లేడు. నాన్నది వట్టి మొండితనమని నేనూ సరిపెట్టుకున్నాను. అలా ఉండగా ఒకరోజు మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఇరుక్కున్నాను.

లిఫ్టు మెకానిక్ పైనుంచి పనిచేస్తూ, నేను భయపడకుండా ఉండాలని ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. తలుపు తెరుచుకునేసరికి నాకు అతనంటే ఇష్టం ఏర్పడిపోయింది. మామూలు ఇష్టం కాదు. నేను కళ్లద్దాల షాపులో పనిచేస్తాను. ఆ వారంలో ఒకావిడ కుడి కంటి అద్దాన్ని ఎడమ కంటికీ, ఎడమది కుడికీ బిగించి ఇచ్చాను.

తీరా చూస్తే అతన్ని నాన్న ఒకప్పుడు ఫెయిల్ చేశాడు. టెస్టులో బండిని తీసుకెళ్లి కరెంటు స్తంభానికి గుద్దాడట. ఆ దెబ్బతో మలుపులంటే విరక్తి పుట్టి, మలుపులే లేని బండి వెతుక్కుని లిఫ్టుల్లోకి వచ్చానని నాతో అన్నాడు. నాన్న మరిచిపోయే రకం కాదు. గుమ్మంలో అతన్ని చూడగానే, "ఏం స్తంభం, ఇలా వచ్చావు?" అన్నాడు. ఆ రోజునుంచి మా ఇంట్లో అతని పేరు స్తంభమే.

కాదని వెళ్లిపోవచ్చు. రిజిస్ట్రారు ఆఫీసు మా షాపుకు ఎదురుగానే ఉంది. కానీ నాన్న సరే అనని పెళ్లి నాకు వద్దు. నాకు అతనూ కావాలి, నాన్నా కావాలి. అందుకని ఇద్దరం కలిసి చేపల కొట్టుకు వెళ్లాం.

కొట్టాయన బోలెడు సంగతులు చెప్పాడు. నోట్లో పట్టేదేదైనా చంటోడికి మేతేనట, తనలాంటిదే అయితే పోటీయట. ఒళ్లంతా పెంకులాంటి చర్మం ఉండి, గాజుకు అతుక్కుని తన పని తాను చూసుకునే సక్కర్ చేప, అదీ జానెడుకు పైబడ్డది అయితే కాస్త ఆశ పెట్టుకోవచ్చునట. దాన్ని వదిలే ముందు తొట్టిలో రాళ్లూ రప్పలూ అన్నీ అటూ ఇటూ మార్చేయమన్నాడు. ఇది నా ఇల్లు అని తెలియకపోతే పాతవాడు పోట్లాట మరిచిపోతాడట. స్తంభం సగమే విన్నాడు. సక్కర్ గాజు మీద పైకీ కిందికీ తప్ప పక్కకు పోవడం లేదు. "ఇది మా డిపార్ట్‌మెంటే" అని మురిసిపోయాడు.

ఇంటికొచ్చాక అసలు చిక్కు బయటపడింది. మా తొట్టిలో మార్చడానికి ఏమీ లేదు. ఏ రాయి పెట్టినా చంటోడు మూతితో పెకలించి గాజుకేసి కొడతాడని నాన్న ఎప్పుడో అన్నీ తీసేశాడు. స్తంభం తొట్టి ముందు చతికిలబడి చాలాసేపు ఆలోచించాడు.

"వీడికి రోజంతా కనబడేది మీ హాలే కదా," అన్నాడు చివరికి. "అంటే వీడి ఇల్లు ఈ హాలే. మార్చాల్సింది దీన్ని."

నాకు బుద్ధుంటే అక్కడే ఆపాలి. ప్రేమలో ఉన్నాను కాబట్టి సోఫా రెండో కొస పట్టుకున్నాను.

నాన్న క్షవరానికి వెళ్లాడు. అద్దాలు మారుస్తానని ఆయన కళ్లజోడు ముందురోజే షాపుకు పట్టుకుపోయాను. అది లేకపోయినా కాళ్లకు తెలిసిన దారి కదా, వెళ్లగలడు. ఈలోగా మంచం హాల్లోకి, సోఫా వంటింట్లోకి, ఫ్రిజ్ పడగ్గదిలోకి, పేము కుర్చీ బాల్కనీలోకి వెళ్లాయి. బీరువాను హాలు మధ్యలో నిలబెట్టాం. గుమ్మంలోంచి చూస్తే తొట్టి కనబడదు, తొట్టిలోంచి చూస్తే బీరువా వీపు తప్ప ఏమీ కనబడదు. సక్కర్‌ను వదిలాం. చంటోడు కిక్కురుమనకుండా ఓ మూలకు పోయి నిలబడ్డాడు. స్తంభం నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

అప్పుడే నాన్న వచ్చాడు. మోకాలు మంచం కోడుకు తగిలి ఆగిపోయాడు. కళ్లు చికిలించి చూశాడు. బయటికి వెళ్లి, మళ్లీ లోపలికొచ్చాడు.

"ఈ లిఫ్టు బాగుచేసినవాడెవడో గానీ ఎక్కడపడితే అక్కడ దించేస్తోంది. ఎవరిల్లండీ ఇది?"

స్తంభం కంగారుపడి, "మాదేనండీ, కూర్చోండి" అనేశాడు. నేను మాట్లాడితే గొంతు గుర్తుపట్టేస్తాడు కాబట్టి నోరు మూసుకుని మంచినీళ్లు తెచ్చిచ్చాను. చేతికందిన గ్లాసులో తెచ్చాను, ఒకప్పుడు నేనే కింద పడేస్తే అంచు సొట్టపోయిన స్టీలు గ్లాసు. నాన్న మంచం చివర మోకాళ్లు దగ్గరపెట్టుకుని కూర్చున్నాడు. కాస్త వెనక్కి జరగవచ్చా అని అడిగి మరీ జరిగాడు. మా నాన్న కూర్చోవడానికి ఒకరి అనుమతి అడగడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

నీళ్లు తాగి, గ్లాసు చేతిలో తిప్పుతూ తనే మొదలుపెట్టాడు.

"మాకూ ఓ అమ్మాయి ఉందండీ. వచ్చిన సంబంధాలన్నీ ఫెయిల్ చేశాను. వాళ్లలో తప్పేం లేదు. అది వెళ్లిపోతే నేను చేపకు పేపరు చదువుతూ కూర్చోవాలి. ఇప్పుడూ చేపకే చదువుతాననుకోండి. కానీ వంటింట్లోంచి అది వింటూ ఉంటుంది."

స్తంభం బీరువాకు ఆనుకుని కొయ్యబారిపోయాడు.

"ఇప్పుడొకడు వచ్చాడు. మంచివాడే. స్తంభాన్ని గుద్దాక దిగి, దానికేమైనా దెబ్బ తగిలిందేమోనని తడిమి చూశాడు. నా సర్వీసులో అలాంటివాణ్ణి ఇంకొకణ్ణి చూడలేదు. పాస్ చేసేయమంటారా?"

స్తంభం ఆశగా నా వైపు చూశాడు. అవుననమని తల ఊపితే చాలు, నాకు కావలసింది దొరికేది. కానీ సొంత ఇంట్లో చుట్టంలా ముడుచుకుని కూర్చున్న మనిషి దగ్గర సరే అనిపించుకుని నేనేం సుఖపడతాను? పరుగున వెళ్లి బాల్కనీలోంచి పేము కుర్చీ లాక్కొచ్చాను.

"నాన్నా, ఇది మనిల్లే. ఇదిగో నీ కుర్చీ."

స్తంభం మారు మాట్లాడకుండా బీరువాను పక్కకు నెట్టాడు. నాన్న కుర్చీలో కూర్చుని, చేతి కింద అరిగిన పేము తడుముకుని, గొంతు సవరించుకున్నాడు. తర్వాత ఇద్దరినీ కలిపి దులిపేశాడు. గాజులోంచి ఆయన్ను చూడగానే చంటోడికీ ప్రాణం లేచొచ్చింది. ఒక్క ఉదుటున వెళ్లి సక్కర్ తల నోట్లో పెట్టుకున్నాడు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి చంటోడు దాన్ని ఉమ్మేసి పెదవి ఆడిస్తున్నాడు. సక్కర్ మాత్రం ఏమీ జరగనట్టు కాస్త పైకి పాకి మళ్లీ అతుక్కుంది.

నాన్న గాజుకు ముక్కు ఆనించి చూశాడు. అది ఎడమకు పోదు, కుడికి పోదు. ఏ రూలు కింద ఫెయిల్ చేయాలో ఆయనకు తోచలేదు.

"పార్కింగ్ ఫరవాలేదు," అన్నాడు అయిష్టంగా.

వారం గడిచింది. ఆ వారమంతా నాన్న కళ్లజోడు లేక పేపరు మడత విప్పలేదు. రోజూ చంటోడు ఒకసారి కొరకడం, ఉమ్మడం, సక్కర్ పైకి పాకడం జరుగుతూనే ఉన్నాయి. ఆఖరి రోజు స్తంభం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"పాస్ చేయను," అన్నాడు నాన్న.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"లెర్నర్ లైసెన్సు ఇస్తున్నా. పక్కన అనుభవమున్నవాడు కూర్చోవాలి. అది రూలు."

"ఎన్నాళ్లండీ?" అని స్తంభం అడిగాడు.

"నేను దిగేదాకా."

స్తంభం సరేనని వెంటనే తల ఊపాడు. నేను కళ్లు తుడుచుకుని, షాపునుంచి తెచ్చిన కొత్త అద్దాల జోడు నాన్నకు పెట్టి, చెవుల దగ్గర సరిచేశాను. ఇకమీదట కళ్లజోడు లేకుండా గడప దాటొద్దని, సొంత ఇల్లే పోల్చుకోలేకపోయాడని కోప్పడ్డాను.

"ఇల్లు పోల్చుకోకపోవచ్చు," అన్నాడు నాన్న. "సొట్ట గ్లాసు కూడా పోల్చుకోననుకున్నావా?"

నేను ఇంకేదో అడగబోయేలోగా వంటింట్లోకి పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. తర్వాత పేపరు తెరిచి, చంటోడి వైపు తిరిగి, ఎప్పటికంటే కాస్త గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.