దీపానికి ముందు అడిగే మాట

శుక్రవారం పొద్దుగుంకేలోపు మా ఇంట్లో దీపం వెలిగించేది ఆడవాళ్లే. వెలిగించే ముందు గుమ్మంలోకి వచ్చి, ‘బయట ఎవరన్నా ఉన్నారా?’ అని అడగాలి. మనం యూదుల బిడ్డలమని, ఒకప్పుడు పరాయి దేశంలో దిక్కులేకుండా తిరిగినవాళ్లమని మా తాత చెప్పేవాడు. తప్పించుకుని వచ్చినవాళ్లని వెనక్కి అప్పజెప్పడం మనకి లేదనేవాడు. చేబ్రోలు దగ్గర మా పేటలో ఈ మాటలకి నవ్వేవాళ్లూ ఉండేవారు. కువైట్ వచ్చాక ఎవరికీ చెప్పుకోలేదు. ఖైతాన్‌లో మా గది తలుపు ఓరగా తీసి, మెట్లవైపు మెల్లిగా అడిగేదాన్ని. ఆ కాసేపూ మా ఊళ్లో ఉన్నట్టుండేది.

ఆ శుక్రవారం జవాబొచ్చింది. మెట్లమీద రజియా బీ కూర్చుని ఉంది. మా ఆయన అబ్రహాం పనిచేసేది అల్ రాయ్ అనే చోట ఒక షెడ్డులో. మాకు వీసా ఇచ్చిన ఆ షెడ్డు యజమానిని ఇక్కడ కఫీల్ అంటారు. ఆ కఫీల్ చెల్లెలింట్లో రజియా పనిమనిషి. రాయచోటి పిల్ల.

“మామా ఇస్త్రీపెట్టెతో కాల్చిందక్కా. మీ ఇల్లు తప్ప నాకు యాడికి పోవల్లో తెలీదు,” అంది, చెయ్యి చూపించి. ఇంటి యజమానురాలిని ఇక్కడ పనివాళ్లు ‘మామా’ అనే పిలవాలి.

జాలికంటే ముందు నాకు ఒళ్లు మండింది. ఇన్ని గడపలుండగా మాదే దొరికిందా? వచ్చే వారం మా ప్రయాణం. అడుగులు నేర్చే వయసులో మా అక్క దగ్గర వదిలొచ్చిన కూతురు ఇప్పుడు బడికి పోతోంది. దాన్ని ఒక్కసారి ఒళ్లో కూర్చోబెట్టుకోవాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. మా పాస్‌పోర్టులు కఫీల్ బీరువాలో ఉన్నాయి, ఆయన ఇస్తేనే మేం కదలగలం.

“ఏం చేద్దాం?” అన్నాను మా ఆయనతో.

“అడిగింది నువ్వు. ఆ పిల్ల పలికింది. ఇంక నేనేం చెప్పను సారమ్మా?” అన్నాడు.

రజియాని లోపలికి రమ్మని దీపం వెలిగించాను.

ఆదివారం అబ్రహాం ఆమెని మన ఎంబసీకి తీసుకెళ్లాడు. వాళ్లు ఊరికి పంపడానికి ఒప్పుకున్నారు. సంగతి కఫీల్‌కి తెలిసింది. “సెలవు లేదు, ఖలాస్,” అన్నాడు. ఆ రాత్రి సర్దిన పెట్టె విప్పేశాను.

ఊరికి వెళ్లే ముందు రజియా నా చేతులు పట్టుకుంది.

“నీ కూతురికి గౌను కుట్టిచ్చి పోస్టులో పంపుతానక్కా. ఎంత ఎత్తుంటాది?”

నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. కాదేమోనని కొంచెం పైకెత్తాను. మళ్లీ దించాను.

“చెప్పక్కా,” అంది రజియా.

చెయ్యి ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు.