తంగేడు పూలకు వెళ్ళినరోజు

జగ్గన్న అప్పటికే నాలుగు తంగేడు కొమ్మలు విరిచి చంకన పెట్టుకుని, అయిదోదాని కోసం బండరాయి ఎక్కుతున్నాడు. పొద్దున్నే ఫోనుకి తుపాను హెచ్చరిక వచ్చింది. గోపాలపూర్ పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఏటా దసరా ముందు పడవ ముక్కుకి కట్టే పూలకోసం ఈ కెరండిమాల కొండకి ఒక్కడే వచ్చేవాడు. ఈసారి కాసమ్మ తానూ వస్తానని పట్టుబట్టింది. ముప్పయ్యేళ్ళ కాపురంలో నెత్తిన చేపల గంప లేకుండా మొగుడి పక్కన నడవడం ఆవిడకిదే మొదలు.

పడవకని పేరే గాని, ఆ మనిషికి పూల పిచ్చి. వల లాగి లాగి అరచేతులు కాయలు కాసినవాడు, వానలు తగ్గిపోయినా మిగిలిన ఒక్క అడవినాభి పువ్వుని మెల్లగా ముట్టి మురిసిపోతున్నాడు.

"సూడే, నిప్పునాగుంది. ఇదే సివరిది గావాల."

కాసమ్మకి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ ఈ సంబరం తనకి చెప్పకుండా దాచాడని కోపమూ వచ్చింది.

కొండకింద టీకొట్టు ముసలాయన చెప్పనే చెప్పాడు, ఎలుగుబంట్లు తిరుగుతున్నాయి, గట్టిగా మాట్లాడుకుంటూ పొండని. ఇద్దరూ తలూపారు.

పొద కదిలింది. జగ్గన్న చెయ్యెత్తాడు. నీళ్ళకింద చేపల గుంపు మెదిలితే పడవలో అలాగే ఎత్తుతాడు. ఇక ఎవరూ నోరు విప్పరు. కాసమ్మదీ చేపలు పట్టే కుటుంబమే, టక్కున నోరు మూసుకుంది. ఆ అలవాటే కొంప ముంచింది. మనుషుల అలికిడి తెలియని తల్లి ఎలుగు పిల్లతో సహా ఎదురుగా వచ్చేసింది.

అది కాసమ్మ మీదికే లేచింది. జగ్గన్న అడ్డం పడ్డాడు. ఒక్క పంజా దెబ్బకి చెంప చీలి పళ్ళు కనిపించాయి. రెండో దెబ్బకి భుజం ఊడి వేలాడింది. అయినా మిగిలిన చేత్తో దాని మెడ జుట్టు పట్టుకుని వదల్లేదు. అది కొరికింది, ఈడ్చింది, బండకేసి బాదింది.

"ఎల్లే... కిందికెల్లిపో," అన్నాడు నెత్తురు ఉమ్ముతూ.

కాసమ్మ ఎక్కడికి పోతుంది? రాయెత్తి దాని ముక్కుమీద కొట్టింది, మళ్ళీ కొట్టింది. చేపల బజారులో కూడా ఎన్నడూ అరవనంత గట్టిగా, నోటికొచ్చిన బూతులన్నీ తిడుతూ అరిచింది. ఆ అరుపులకి ఎలుగు అతన్ని వదిలి, పిల్లని తోలుకుని పొదల్లోకి పోయింది. అరిస్తే పోయేదే. అది అర్థమై కాసమ్మ గుండె పగిలింది.

"ముందే అరిసుంటే అది పోయేది గదా మావా," అంది, అతని తల ఒళ్ళో పెట్టుకుని.

జగ్గన్న ఏదో చెప్పబోయాడు. మెడ దగ్గర నెత్తురు పొంగుతూ పొంగుతూ ఆగిపోయింది.

మధ్యాహ్నం కొండకింది ఊరివాళ్ళొచ్చి అతన్ని దుప్పట్లో కట్టి కిందికి దించారు. బండ పక్కన అతని ఎడమకాలి చెప్పు ఉండిపోయింది. తెగిన పట్టీకి పొద్దున కాసమ్మ గుచ్చిన పిన్నీసు ఊడకుండా అలాగే ఉంది.