ఓడ మునిగే ఆదివారం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నెలకో ఆదివారం మధ్యాహ్నం ఇన్‌స్టిట్యూట్ హాల్లో పాత సినిమా వేస్తారు. ఓడ మునిగే సినిమా అయితే జనం చెప్పులు గుమ్మం బయటే విప్పేసి, ప్యాంట్లు మోకాళ్ల దాకా మడిచి కూర్చుంటారు. ఇంటర్వెల్ తర్వాత తెర కిందనుంచి నీళ్లొస్తాయి మరి. ఉప్పునీళ్లే. ఆటయ్యాక వైపర్లతో బయటికి తోసేస్తారు, అంతే.

భానుప్రియ సినిమా కోసం రాలేదు. మర్నాడు ఫ్యామిలీ కోర్టులో విడాకుల వాయిదా. కాగితాల మీద మొగుడు నాగేంద్ర సంతకం ఒకటి తక్కువైంది. డ్యూటీ దిగి హాలుకే వస్తానన్నాడు.

"కుచ్చిళ్లు ఎత్తి దోపుకోవే" అంది పక్కింటి చిన్నమ్మి. "కాగితాలు తడిసిపోతే రేపేటి సేస్తావు?"

"ప్లాస్టిక్ కవర్లో ఎట్టినాన్లే అత్తా."

ముందు వరుసలో తిరుమలరావుగారు టిఫిన్ డబ్బాతో కూర్చున్నారు. పోయినేడు ఆయన భార్య అలిగి తెరమీది పడవెక్కేసింది. ఇప్పటికీ మూడో పడవలో కనిపిస్తుంది. ఈయన ప్రతిసారీ ఉప్మా తెస్తారు, ఆవిడ దిగదు.

నాగేంద్ర వచ్చి ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు. లోకో పైలట్. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుంటాడు. పెళ్లైన కొత్తలో ఇలా ఉండేవాడా! ఇంజన్లో పైలట్ సిగ్నల్ రంగు పైకి చెబితే అసిస్టెంట్ తిరిగి చెప్పాలి. చెప్పకపోతే చూడనట్టే. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. స్కూటర్ మీద అతను "గ్రీన్!" అంటే, వెనకనుంచి ఈమె "గ్రీన్!" అనేది.

కడుపులో బిడ్డ పోయిన మూడోరోజే అతను బ్యాగు సర్దుకుని డ్యూటీకెళ్లాడు. ఆ రోజునుంచి ఆమె బదులివ్వడం మానేసింది. తర్వాత అతను చెప్పడం మానేశాడు.

తెరమీద ఓడ ఒరిగింది. ఏళ్లుగా మొహాలు చూసుకోని మొగుడూ పెళ్లాలు డెక్కు మీద చేతులు పట్టుకుని ఏడుస్తున్నారు. హాల్లో నీళ్లు మోకాళ్లు దాటాయి. మూడో పడవ తెర దాటి ముందు వరుస దాకా వచ్చేసింది.

భానుప్రియ హ్యాండ్‌బ్యాగు పట్టుకుని లేచి, తిరుమలరావుగారి భార్య పక్కన ఎక్కి కూర్చుంది. విసిగిపోయింది పాపం. కోర్టూ వద్దు, కాపురమూ వద్దు, ఎటైనా పోతే చాలనిపించింది.

"ఎక్కకే!" అని చిన్నమ్మి అరిచింది. పడవ వెనక్కి తిరిగింది.

నాగేంద్ర నీళ్లలో నిలబడ్డాడు.

"రెడ్!" అన్నాడు.

ఆమె తెరవైపే తిరిగి కూర్చుంది.

"రెడ్, భానూ! ఆ రోజు ఇంట్లో ఉంటే నీ ముందు ఏడ్చేద్దును. అందుకే పోయినాను. రాయ్‌గఢ్ దాకా ఏడుస్తానే ఉన్నాను. సిగ్నల్ కనబడితే కదా! అన్నీ మా అసిస్టెంటు రాంప్రసాదే సెప్పినాడు, కావాలంటే అడుగు."

రెండేళ్లలో మొదటిసారి ఆమె అతనివైపు తిరిగి చూసింది.

"అడ్డగాడిదా! నా దగ్గర ఏడవాల గానీ రాంప్రసాద్ దగ్గరేటి!" అని భోరుమంది. ఏడుపులోనే, "రెడ్" అంది.

పడవ ఆగింది. ఆమె నడుంలోతు నీళ్లలోకి దిగింది. ఖాళీ అయిన చోటుతో పడవ తెరలోకి వెళ్లిపోయింది.

సోమవారం కోర్టులో ప్యూను ఇద్దరి పేర్లూ మూడుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు.

ఆ సినిమా వేసినప్పుడల్లా తిరుమలరావుగారి భార్య ఒళ్లో భానుప్రియ హ్యాండ్‌బ్యాగు కనిపిస్తుంది. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి కదా, తడవలేదు. సంతకమే ఒకటి తక్కువ.