మేత చూసి వచ్చినవాడు

మంద ముందు నేనే నడుస్తున్నాను, ఎందుకంటే ముప్పై ఎండాకాలాలు మంద ముందు నడిచి ఒక్క జీవాన్ని కూడా పోగొట్టుకోని మనిషి మా పాలమూరు జిల్లాలో నేనొక్కణ్ణే, కావాలంటే ఎవరినైనా అడగండి. కాకపోతే ఈసారి కాళ్ల కింద ఉన్నవి వరికొయ్యలో నున్నటి పాలరాతి బండలో తెలియడం లేదు, ఒక అడుగుకు కొయ్య గుచ్చుకుంటుంది, మరో అడుగుకు కాలు జారుతుంది, ముందు అద్దాల తలుపులు వాటంతట అవే తెరుచుకుంటున్నాయి, గొర్రెలు ఒకదాని తోక వెనక ఒకటి వాటిలోంచి బుద్ధిగా వెళ్తున్నాయి. ఎండ నడినెత్తిన ఉంది గాని నీడలు మాత్రం పొద్దు వాలినట్టు పొడుగ్గా పడుతున్నాయి.

తలుపులు దాటితే కాలువగట్టు. కాలువకు అవతలి ఒడ్డు కనబడటం లేదు. గట్టు మీద గొంగడి నాలుగు మడతలు వేసి, దాని మీద కూర్చుని మా బీరయ్య బావ ఉన్నాడు. మా అక్క మొగుడు. పోయి ఎనిమిదేళ్లయింది, అక్క కూడా ఆయన వెనకే పోయింది. పోయాడని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు, ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తడం లేదు. పోయినవాణ్ణి పట్టుకుని పోయావు గదా అనడం ఏం మర్యాద?

"ఏంరా బామ్మర్దీ, మందను తోలుకొని యాడికి బయలెల్లినవ్?" అంటాడు.

"అమ్మనీకె."

"ముసలితనంల జూదం నేర్చినవా ఏంది?"

"జూదం కాదు బావా, చదువు. నవనీత పైదేశం పోతదట."

నవనీత నా కొడుకు కూతురు. బావ పోయేనాటికి ఇంటర్‌లో ఉంది, డాక్టర్నయ్యాక మొదటి సూది నీకే వేస్తానని ఆయన్ను బెదిరించేది. సూది వేసేదాకా ఆయన ఆగలేదు. పిల్ల మాత్రం పశువైద్యం చదివి పాసైంది.

"పశువుల డాక్టరైంది గద. ఇంకేం చదువు మిగిలింది?"

"గడ్డి గురించి. ఏ గడ్డిల ఏముంటది, ఏది తింటే గొర్రె బలుస్తది, ఏది తింటే సస్తది."

బావ చాలాసేపు నవ్వుతాడు, ఆయన నవ్వుతుంటే వెనక కాలువలో నీళ్లు కూడా చిన్నగా ఊగుతున్నాయి, ఎదురుగా నిలబడ్డ పొట్టేలు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. "గడ్డి నేర్చుకోనీకె సముద్రం దాటాల్నా? మన జీవాలను అడిగితే చెప్పకపోవునా?"

"నేనూ గదే అన్న. 'నీ గొర్రెలు తినకముందు చెప్పవు తాతా, తిన్నంక చెప్పనీకె బతకవు' అన్నది."

"నోరు మీ అక్కదే," అంటాడు బావ మురిసిపోతూ. తర్వాత పెద్దరికం తెచ్చుకుంటాడు. మంద సంగతి వస్తే ఆయన ఎప్పుడూ అంతే. "ఇంటికాడ మేత ఉంటే మందను కదిలియ్యొద్దు. ఉన్నదా, లేదా?"

"కాంట్రాక్టు మీద కొలువొకటి ఉన్నది. సూదులు ఏసుకుంట తిరుగుడే. పోవద్దంటే అదే చేస్త అంటది. కని మొఖం గట్ల పెట్టుకొని అంటది."

"గట్లంటే?"

"వానకు తడిసిన గొర్రె లెక్క."

"అయితే కదలాల్సిందే."

గట్టు మెత్తబడుతుంది. చూసుకుంటే మేం కూర్చున్నది గట్టు కాదు, పోయిన సోమవారం నేనూ నవనీతా పాలమూరు టౌన్లో ఒక కన్సల్టెన్సీకి వెళ్లినప్పుడు కూర్చున్న సోఫా. బావ గొంగడి మీదే ఉన్నాడు, గొంగడి సోఫా మీద ఉంది. గోడల నిండా పెద్ద పెద్ద కాలేజీల ఫోటోలు, వాటి ముందు పచ్చటి గడ్డి, మా జీవాలు ఆ గోడలకు మూతులు ఆనించి ఫోటోల్లోని గడ్డిని నాకుతున్నాయి, నాకి నాకి నా వైపు తిరిగి చూస్తున్నాయి.

"ఎన్ని దేశాలున్నయి?" అంటాడు బావ.

"రెండు. ఒకటి ఇంగ్లండు. ఏడాదిల అయిపోతది. కని మందంత అమ్మినా సగం రాదు, తక్కిన సగానికి మన రెండెకరాల కాయితాలు బ్యాంకుల పెట్టాలె. ఇంకోటి జర్మనీ. ఆడ ఫీజు లేనట్టే. ఏడాది తిండిపైసలు ముందుగాల బ్యాంకుల చూపియ్యాలె, అవి నెలనెలకు పిల్లకే ఇస్తరు. మంద అమ్మితే దానికి సరిపోతది, భూమి జోలికి పోనక్కరలే. కని రెండేండ్లు పడతది, మల్ల వాండ్ల భాషొకటి."

"లెక్క తేలిపాయె గద."

"లెక్క తేలింది, మనసు తేలలే. టై కట్టుకున్నాయన ఇంగ్లండే మేలన్నడు. చదువు బాగు, రూము బాగు, కొలువు తయారు, గాలి గూడ బాగేనంట. ఆయన చెప్తుంటే నాకే పోయి చదవబుద్ధయింది. మంద నాది గాబట్టి మాట గూడ నాదేనని ఇంట్ల అందరు నా దిక్కే చూస్తున్నరు. సోమారంలోపు చెప్పాలె."

బావ ఫోటోల వైపు చూడటం లేదు, నా వైపే చూస్తున్నాడు.

"మేత చూసి రానీకె ఎవల్నన్న పంపినవా?"

మా వాళ్లలో అదొక పద్ధతి. ఎండాకాలం మంద ఊరు దాటే ముందు ఒక మనిషి నడిచి వెళ్లి చూసి రావాలి: గడ్డి ఎంతుంది, నీళ్లెంత దూరం, అక్కడి రైతు ఎరువు కోసం తన పొలంలో మంద పెట్టించుకుంటే వడ్లు ఏమాత్రం కొలుస్తాడు, అతని కుక్కలు ఎలాంటివి. ఆ మనిషి తిరిగి వచ్చి చెబితేనే మంద లేస్తుంది. ఒక్కడి మాట మీద నాలుగు వందల జీవాలు, పది ఇళ్లు నడుస్తాయి.

బావ ఆ మాట అడిగి ఊరుకోకుండా నా భుజం మీది గొంగడి అంచు తన ఒళ్లోకి లాక్కుంటాడు. అంచు పొడుగునా ఉత్తరేణి గింజలు అంటుకుని ఉన్నాయి, ఎప్పుడు అంటుకున్నాయో నాకు తెలియదు, ఆయన ఒక్కొక్కటే ఏరి నీళ్లలోకి విసురుతున్నాడు, సోఫా ముందు మళ్లీ కాలువ పారుతోంది. ఆయన పెదాలు కదులుతున్నాయి. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. నేను వెనక్కి తిరిగి చూస్తాను. అద్దాల తలుపులు మూసుకుపోయాయి, వాటి అవతల పద్నాలుగు గొర్రెలు నోళ్లలో జొన్నపిలకలతో నిలబడి ఉన్నాయి.

ముప్పై ఎండాకాలాలు ఒక్క జీవం కూడా పోలేదని మొదట్లో చెప్పాను కదా, దాన్ని ఇరవై తొమ్మిది అని దిద్దుకోండి. మిగిలిన ఒక్కదాన్లో పద్నాలుగు పోయాయి. కోతలు కోసేవాడికి ఒక్క ఏడాది ఒక లెక్కా అనుకున్నాను.

ఇది జరిగి నలభై ఆరేళ్లు. హాలియా దిక్కున కాలువ కింద మేత చూసి రమ్మని బావ నన్నే పంపాడు. నాకు పెళ్లయి నాలుగు నెలలు, ఆమె పుట్టింట్లో ఉంది, అత్తగారి ఊరు దారిలోనే ఉంది అంటే అబద్ధం, ఆరు కోసులు పక్కకు తిరగాలి. తిరిగాను. మూడు రోజులు అక్కడే కోడికూర తిని, నాలుగో రోజు సంతలో ఎవడో అన్న ముక్క పట్టుకుని ఇంటికొచ్చి, గడ్డి మోకాళ్ల లోతు, నీళ్లు పక్కనే, రైతులు దేవుళ్లు అని చెప్పాను. మంద లేచింది. ఆరు రోజులు నడిచాం. వానల్లేక ఆ ఏడు అక్కడ వరే వెయ్యలేదు. ఉన్నదల్లా కోసేసిన జొన్నచేలల్లో వాడిపోయిన పిలకలు. జొన్నపిలక విషమని మాకందరికీ తెలుసు, ఆకలి మీదున్న జీవానికి తెలియదు. మేం అడ్డం పరుగెత్తేలోపే ఎగబడ్డాయి. పోయిన పద్నాలుగులో తొమ్మిది బావవి. అందరూ నా వైపు చూస్తే, "బామ్మర్ది చూసొచ్చినంక వాడిపోయింటది" అని ఆయనే అన్నాడు. ఆ తర్వాత ముప్పై ఎనిమిదేళ్లు బతికాడు. ఒక్కనాడూ నేను నోరు విప్పలేదు.

కలలో మాత్రం నోరు దానంతట అదే తెరుచుకుంటుంది, ఆ అద్దాల తలుపుల్లాగే.

"బావా, ఆ ఏడు నేను ఆడికి పోలే. ఏం చూడలే. అత్తగారింట్ల ఉన్న."

"తెలుసులేరా," అంటాడు బావ.

అని ఇంకో గింజ ఏరుతాడు. నా గొంగడి తేలికవుతుంది, గాలికి లేస్తుంది, నేనూ లేస్తానేమో అనిపించి సోఫా అంచు పట్టుకుంటాను. అది సోఫా కాదు, పొట్టేలు కొమ్ము. మనసు తేలికైతే నాకు వెటకారం వస్తుంది.

"ఇప్పుడు నువ్వే ముందు పోయినవ్ గద. ఆడ మేత ఎట్లున్నది?"

పోయినవాళ్లు స్వర్గం అంటారు, పాలూ తేనే అంటారు అని ఎదురుచూస్తున్నాను. బావ కాసేపు ఆలోచిస్తాడు, అబద్ధం చెప్పడానికి కాదు, సరిగ్గా చెప్పడానికి.

"నీళ్లు దూరం," అంటాడు. "బీడీలు దొరుకయ్. గడ్డి ఉన్నది గని, వంగితే వాసన రాదు. తొవ్వంత మొరం, కాళ్లు కోసుకపోతయ్. మీ అక్క వచ్చినకాడికెల్లి నిమ్మళం లేదు, ఎన్నడో ఎవలకో ఇచ్చిన గిన్నె ఏదని ఇప్పటికీ అడుగుతున్నది."

"అయితే రావొద్దా?"

"వస్తే రా. తొందరేం లేదు. మంచి చెప్పులు తెచ్చుకో."

వింటూ నేను పొట్టేలు కొమ్ము వదిలేసి ముందుకు జరుగుతాను, అక్కడి సంగతి కోసం కాదు. ఈయన నిజంగా చూసి వచ్చాడు. చూసినవాడు మొరం సంగతి చెబుతాడు, దూరం చెబుతాడు, గిన్నె గొడవ చెబుతాడు. చూడనివాడే గడ్డి మోకాళ్ల లోతు అంటాడు. చూడకుండా చెప్పడం ఎలాగో ఈ జిల్లాలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు, దీన్నయినా దిద్దక్కరలేదు, అయినా ఆ టై ఆయన ముందు కూర్చుని తలకాయ ఊపి వచ్చాను.

బావ లేస్తాడు, గొంగడి దులిపి భుజాన వేసుకుని మంద ముందుకు వెళ్తాడు, నేను వెనక పడతాను, చెప్పులు, నా చెప్పులేవి అని వెతుక్కుంటున్నాను, కాలువ వెడల్పవుతూ ఉంది, మంద మెడల్లో గంటలు ఒకటే మోత, ఆ మోత ఫోను మోతలా ఉంది.

"తాతా, నిద్రల చెప్పులు అడుగుతున్నవ్, యాడికి పయనం?"

మధ్యాహ్నం మూడయింది. గొర్రెల కొట్టంలో మంచం మీద ఉన్నాను. మోగుతున్న ఫోను ఆపి నవనీత ఎదురుగా నిలబడింది. "ఆ కన్సల్టెన్సీ వాండ్లే. పొద్దుగాలకెల్లి నాలుగోసారి."

"మల్ల నువ్వే చెయ్. ఆడ ఏం బాగలేదో అడుగు."

పిల్ల నన్ను ఎగాదిగా చూసింది గాని చేసింది, నాకు వినబడేలా పెట్టింది.

"నెగెటివ్ ఏం లేదు మేడమ్," అన్నాడాయన. "అంత సూపర్."

"రూము దొరకనీకె ఎన్ని రోజులు పడతది సార్?"

"అవన్ని మనం చూసుకుంటం మేడమ్. ఫీజు ఎప్పుడు కడుతున్నరు?"

పెట్టెయ్యమని సైగ చేశాను. "వీడు గూడ మూడు రోజులు అత్తగారింట్ల ఉన్నోడే," అన్నాను. పిల్లకు అర్థం కాలేదు. అప్పుడు మొత్తం చెప్పాల్సి వచ్చింది, పద్నాలుగు జీవాల సంగతి, ముప్పై ఎండాకాలాల సంగతి. మా ఆవిడ ఇంట్లోంచి విని, "కోడికూర యాడిది, మూడు దినాలు పచ్చిపులుసే" అంది. నవనీత నవ్వలేదు. "అందుకేనా తాతా, నన్ను చిన్నప్పుడు జొన్నచేను దిక్కు పోనియ్యకపోతుంటివి," అంది.

తర్వాత జర్మనీలో చదువుతున్న సీనియరుకు చేసింది, యామిని అని నల్లగొండ పిల్ల. అదే ప్రశ్న. ఆ పిల్ల మొదలుపెట్టిందంటే నా చాయ్ చల్లారిపోయింది. రూము దొరక్క రెండు నెలలు స్నేహితురాలి గదిలో నేల మీద పడుకుందట. భాష రాకపోతే చిన్న పని కూడా ఇవ్వరట. ఒక పేపరు రెండుసార్లు తప్పిందట, రెండేళ్లని చెబుతారు గాని తనకు రెండున్నర పడుతోందట. చలికాలం నాలుగింటికే చీకటి, ఊరికే ఏడుపొస్తుందట.

"మరి నన్ను రావొద్దంటవా అక్కా?"

"రా. కని ఇప్పుడే ఉరకకు. ఆరు నెలలు ఆడనే భాష నేర్చుకొని రా. ఇంకోటి, మంచి బూట్లు తెచ్చుకో."

నవనీత నా వైపు చూసింది. "యామిని చూసి చెప్తున్నది," అన్నాను. ఆరు నెలలు కాంట్రాక్టు కొలువు చేస్తూ భాష నేర్చుకుంటానని తనే తేల్చింది. మొఖం పొడిగానే ఉంది. మందను ఆ ఆరు నెలలయ్యాకే అమ్ముతాను, గొర్రెపిల్లలు కూడా పెరిగి ఉంటాయి. భూమి కాయితాలు పెట్టెలోనే ఉంటాయి.

లేచి గొంగడి దులిపితే అంచుకు ఒక్క ఉత్తరేణి గింజ అంటుకుని ఉంది. ఏరి పారేశాను.

ముసలోడు ఇక్కడ కల్పించాడని మీరు అనుకుంటారు. గింజ నిజం. బూట్ల మాట నిజం, నవనీత సాక్షి. కోడికూర సంగతి ఎలాగూ తేలిపోయింది. నేను కల్పించింది వేరే. బావ "తెలుసులేరా" అన్నాడని పైన రాశాను. అనలేదు. నేను ఆ మాట చెప్పగానే గింజలు ఏరే చెయ్యి ఒక్క క్షణం ఆగింది, మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.

అంతే.